గత్యంతరం లేని పక్షంలో

తాగునీటి ప్రమాణాల పట్టికలో ఫ్లోరైడుకు ఎదురుగా రెండు అంకెలున్నాయి. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన పత్రం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము అంగీకారయోగ్యం. మరో నీటి వనరు లేని పక్షంలో 1.5 దాకా అనుమతించవచ్చు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో అనేక గ్రామాల బోర్లు ఈ రెండో అంకెను కూడా దాటాయి. అయినా నన్ను ఆలోచింపజేసింది అంకె కాదు, ఆ షరతు. ఎముకకు పక్షాలు తెలియవు. గత్యంతరం లేక తాగినా, తెలియక తాగినా, ఫ్లోరైడు శ్రుతి మించితే పసిపిల్లల పళ్లు గారపడతాయి. మరీ ఎక్కువై ఏళ్ల తరబడి పేరుకుంటే కీళ్లూ వెన్నూ బిగుసుకుపోతాయి.

ఇది నిన్నా మొన్నా కనుక్కున్న జబ్బు కాదు. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే ప్రకటించారు. కనిగిరి, పొదిలి అప్పుడు నెల్లూరువే. 1970లో అవీ, కర్నూలు నుంచి విడివడిన మార్కాపురం, గిద్దలూరూ ఒకే జిల్లాలో చేరాయి. కనుక జ్ఞానం కొరవడి ఆలస్యమైందనే సాకు చెల్లదు.

ఇక్కడ యూరపు నీటి చట్టాన్ని పరిశీలించడం అవసరం. అక్కడి హద్దు కూడా 1.5. అంటే కాగితం మీద మన మొదటి అంకే కఠినం! తేడా మరోచోట ఉంది. 1998 నాటి యూరపు నిర్దేశం ప్రకారం హద్దు దాటిన నీళ్లు సరఫరా చేయదలచిన ప్రభుత్వం కారణం చెప్పాలి, ఆరోగ్యానికి ముప్పు లేదని చూపాలి, తాగేవారికి ఆ సంగతి తెలియజేయాలి, బాగుచేసే పనికి కాలపట్టికా ఖర్చూ చూపాలి. గడువు మూడేళ్లు. ఒక పొడిగింపు ఉంది. మూడోసారికి యూరపు కమిషన్‌ను ఆశ్రయించాలి. 2020 నిర్దేశం ఈ వెసులుబాటును ఇంకా కుదించింది. మన "పక్షం" ఎప్పుడు ముగియాలో మాత్రం ఎవరూ రాయలేదు. పంచాంగంలో పక్షానికి పదిహేను రోజులే. ఈ పక్షానికి అమావాస్యా లేదు, పున్నమీ లేదు.

యూరపు ధర్మమూర్తి అని నేననడం లేదు. తన పొలాల్లో నిషేధించిన పురుగుమందులను తయారుచేయించి పరాయి దేశాలకు అమ్మనిచ్చిన చరిత్ర దానిది.

కఠిన ప్రమాణం పెడితే ఉన్న బోరు కూడా మూతపడుతుంది, జనాన్ని దప్పికతో చావమంటారా అని కొందరు మిత్రులు ప్రశ్నిస్తారు. ఈ వాదంలో బలముంది. ట్యాంకరు రాని ఊళ్లో బోరుకు ఎర్రరంగు పూసి వెళ్లిపోవడం ఆరోగ్యరక్షణ కాదు. కాని "ఈ నీళ్లు తాగక తప్పడం లేదు" అనడం వేరు, "ఈ నీళ్లు తాగవచ్చు" అనడం వేరు. మొదటి మాటతో ప్రభుత్వం బాకీ పడుతుంది. రెండో మాటతో ఆ బాకీ కొట్టివేయబడుతుంది.

పైగా లీటరుకు ఇంత అనే కొలత పైకి సమానత్వంలా కనిపిస్తుంది. పలకల గనిలో రాయి కొట్టే కూలీ, మిరపచేలో వంగి కాయ కోసే ఆడమనిషి వేసవిలో తాగే నీళ్లెన్ని? నీడన కూర్చున్నవాడు తాగేవెన్ని? వాతావరణాన్నీ, తాగే నీటి పరిమాణాన్నీ లెక్కలోకి తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. పాలకు, మంచి తిండికి నోచుకోని ఒంట్లో ఈ విషం మరింత కీడు చేస్తుంది. డబ్బున్నవాడు శుద్ధిచేసిన నీళ్ల క్యాను కొంటాడు. అతనికి "మరో వనరు" ఉన్నట్టే. పక్కింటికి లేదు. వీధిలో బోరు ఒక్కటే.

ఈ ప్రాంతానికి ప్రభుత్వాలు చూపుతూ వచ్చిన మరో వనరు వెలిగొండ. కొండల కింద సొరంగాలు తవ్వి శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లు తేవాలనే ఈ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ ఉత్సవంతో నీళ్లు మాత్రం రాలేదు. 1996లో పుట్టిన ఆడపిల్ల 2024 నాటికి తల్లి అయి, తన బిడ్డకు అదే బోరు నీళ్లు పట్టే వయసుకు వచ్చింది. మూడేళ్ల గడువు చొప్పున లెక్కిస్తే ఆ 28 ఏళ్లలో తొమ్మిది గడువులు దాటిపోయాయి. ఒక్క పొడిగింపుకైనా ఆ తల్లి సమ్మతిని ఎవరూ అడగలేదు.