కాలువలు గీస్తున్న అమ్మడికి

అమ్మడూ, గోదావరి డెల్టా కాలువల పటాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. స్కాన్ చేసిన పాత షీటును క్యూజీఐఎస్‌లో వెనక పరిచి, దాని మీద మౌసుతో గీతలు లాగుతూ పోవడమే కదా అంటున్నారట నీతోటి వాళ్లు. ఇవే కాలువల్ని ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఏళ్లతరబడి ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో గీశాను, ఆ తర్వాత కంప్యూటర్ మీదా గీశాను. అందుకని నాలుగు మాటలు చెబుతాను, విను. గీయడం వారంలో పట్టుబడుతుంది. కలపడంలోనే ఉంది పనంతా. ఎక్కడ కలపకూడదో తెలుసుకోవడంలో ఇంకా ఉంది.

కాగితం మీద పిల్లకాలువ గీత పెద్దకాలువను తాకీ తాకకుండా ఆగినా చూసేవాళ్ల కన్ను ఆ సందును పూడ్చేసుకుంటుంది. కంప్యూటర్ అలా సర్దుకోదు. గీత కొస అంటే దానికి రెండు అంకెలు. ఆ అంకెల్లో సెంటీమీటరు తేడా ఉన్నా, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గీతలే. రేపు ఎవరో ఇంజనీరు విజ్జేశ్వరం హెడ్ స్లూయిస్ దగ్గర మొదలుపెట్టి, ఫలానా కాలువ కింద ఆయకట్టు ఎంతుందో లెక్క తీయమంటాడు. ప్రోగ్రామ్ గీతల వెంట నడుచుకుంటూ వెళ్లి, తెగినచోట ఆగిపోతుంది. ఆపైన ఉన్న బోదెలు, తూములు, పొలాలు ఏవీ లెక్కలోకి రావు. అసలే శివారు రైతుకు సార్వాలో నీళ్లు అందరికన్నా ఆలస్యం, దాళ్వాలో వంతు ఆఖరు. నీ పటంలో కూడా అతనికి నీళ్లు ఆగిపోకూడదమ్మా.

దీనికోసమే స్నాపింగ్ ఉంది. గీత కొసను దగ్గరికి తీసుకెళ్తే చాలు, అదే పట్టి అతికిస్తుంది. అయితే ఎంత దూరం నుంచి పట్టాలో చెప్పాల్సింది నువ్వే. చాలామంది 12 పిక్సెళ్లని పెట్టి మరిచిపోతారు. పిక్సెల్ తెర మీద కొలత, నేల మీద కొలత కాదు. మామూలు తెర మీద 1:2,000 స్కేలులో 12 పిక్సెళ్లంటే నేల మీద 6 మీటర్ల పైచిలుకు. అదే 1:50,000కు వెనక్కి వెళ్లావంటే దాదాపు 160 మీటర్లు. అంత దూరంలో కాలువ, దాని గట్టు మీది రోడ్డు, అవతలి మురుగు, అన్నీ ఉంటాయి. నీ మౌసు వాటిలో దేన్ని పట్టుకుందో నీకే తెలియదు. అందుకని టాలరెన్సును మీటర్లలో పెట్టుకో, గీసేంతసేపూ ఒకే స్కేలులో ఉండు. ఇంకో సంగతి. ప్రాజెక్టు అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే యూనిట్ అంటే మీటరు కాదు, డిగ్రీ. అక్కడ 1 అని కొడితే దాదాపు 111 కిలోమీటర్లు. ముందు ప్రాజెక్టునూ లేయర్నీ యూటీఎం 44వ జోనులోకి మార్చుకుని పని మొదలుపెట్టు. మన డెల్టా మొత్తం ఆ జోనులోనే ఉంది. రేపు పలాస వైపు పని వస్తే మాత్రం జాగ్రత్త, 84వ రేఖాంశం దాటితే జోను మారిపోతుంది.

పిల్లకాలువ పెద్దకాలువను మధ్యలో తాకే చోటు బాగా గమనించు. నీ గీత కొస పెద్దగీత మీద కూర్చున్నట్టే కనిపిస్తుంది. కానీ పెద్దగీతకు ఆ చోట బిందువు లేకపోతే ఆ కలయిక సంగతి దానికి తెలియదు. ఎవరైనా పెద్దగీతను కాస్త జరిపినా, లేయర్ని వేరే ప్రొజెక్షన్‌లోకి మార్చినా కొస ఊడిపోతుంది. స్నాపింగ్ పట్టీలోనే టోపోలాజికల్ ఎడిటింగ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంచితే నువ్వు తాకినచోట పెద్దగీతకూ బిందువు పడుతుంది. పొద్దున ఫైలు తెరవగానే ముందు అది చూసుకో.

ఇక కలపకూడని చోట్లు. ఈ మాట నీకెవరూ చెప్పరు. పాఠాలు చెప్పేవాళ్లకు డెల్టా తెలియదు, డెల్టా తెలిసినవాళ్లకు క్యూజీఐఎస్ తెలియదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు మెరక వెంట పోతాయి, నీరు రెండు వైపులా పల్లానికి దిగాలి కాబట్టి. వాడిన నీరు, వాన నీరు పల్లం వెంట మురుగు కాలువల్లో సముద్రానికో కొల్లేటికో పోతుంది. అంటే డెల్టాలో రెండు వలలున్నాయి, ఒకటి నీళ్లు పెట్టేది, రెండోది తీసేది. పటం మీద రెండూ నీలిగీతలే. భీమవరం ఊరి మధ్యనుంచి పోయే యనమదుర్రు మురుగు కాలువే. అదే ప్రాంతంలో సాగు కాలువలూ ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే లేయరులో పెట్టి, గీత గీతను దాటినచోటల్లా ప్రోగ్రామ్‌తో ముడి వేయించావంటే మురుగు నీరు పొలానికి పారుతున్నట్టు లెక్క వస్తుంది. రెంటికీ రెండు లేయర్లు పెట్టుకో. శివారున కాలువ మిగులు నీరు మురుగులో పడే చోట్లు నిజంగానే ఉంటాయి. అక్కడ మాత్రం ఒక బిందువు పెట్టి, దానికి పేరు రాసి, తెలిసి కలుపు. దాళ్వాలో నీరు చాలక మురుగులోంచి ఇంజన్లు పెట్టి తోడుకుంటారు చూడు, అది ఆ ఏటి అవసరం. దానికి గీత అక్కర్లేదు.

కాలువ, మురుగు ఒకదాన్నొకటి దాటే చోట యూటీ, అంటే అండర్ టన్నెల్, ఉంటుంది. మురుగు, కాలువ అడుగునుంచి సొరంగంలా వెళ్లి అవతల పైకి తేలుతుంది. కృష్ణా వైపు బుడమేరు ఎనికేపాడు యూటీలోంచి అలాగే దాటి కొల్లేటి వైపు వెళ్తుంది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే నీళ్లూ నీళ్లూ కలిసినట్టే ఉంటుంది. కోనసీమలో పి.గన్నవరం చూశావుగా? అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలువనే వంతెన కట్టి దాటించారు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలం నాటి పాత అక్విడక్టు పక్కనే ఇప్పుడు కొత్తదీ ఉంది. పైన కాలువ, కింద గోదావరి. ఒక్క చుక్క ఇటుది అటు పోదు. నీ తెర మీద మాత్రం రెండు గీతలు కత్తెరలా దాటుకుంటాయి. బ్రేక్ లైన్స్ అనో, స్ప్లిట్ విత్ లైన్స్ అనో ఒక్క నొక్కు నొక్కితే ప్రోగ్రామ్ అక్కడ ముడి వేసేస్తుంది. కోనసీమ కాలువ నీళ్లన్నీ ఏట్లో కలిసినట్టే ఇక. ఇలాంటి చోట్ల జాబితా ముందే రాసుకుని పక్కన పెట్టుకో. కాలువల లేయరుకు పై, కింద అని ఒక గడి చేర్చి, దాటే ప్రతి చోటా నింపు.

గీత దిక్కు గురించీ చెప్పాలి. నువ్వు మొదట నొక్కిన చోటినుంచి చివర నొక్కిన చోటికి గీతకు ఒక దిక్కు ఉంటుంది. దాన్నే నీటి వాలుగా తీసుకుంటారు. కాబట్టి ఎప్పుడూ ఎగువనుంచి దిగువకే గీయి. ఏలూరు కాలువ ఉంది చూడు. పటంలో విజ్జేశ్వరం నుంచి బెజవాడ దాకా ఒకే కాలువలా సాగుతుంది, పడవలు నడిచిన కాలంలో ఒకే దారి కూడాను. కానీ అటునుంచి గోదావరి నీరు, ఇటునుంచి కృష్ణ నీరు రెండూ ఏలూరుకే వస్తాయి. దాన్ని ఒక్క గీతగా లాగావంటే సగం కాలువ ఎదురు పారుతుంది. బాణం గుర్తులు వచ్చేలా స్టైల్ పెట్టుకుని గీయి, తప్పు అక్కడికక్కడే కంటికి కనిపిస్తుంది.

షీటు చివర గీత తెగి, పక్క షీటులో మళ్లీ మొదలవుతుంది కదా, అక్కడ రెండు ముక్కల్నీ ఎంచి మెర్జ్ నొక్కుతారు. మెర్జ్ చేసినంత మాత్రాన సందు పూడదమ్మా. మధ్యలో సందు అలాగే ఉండి, రెండు ముక్కలూ ఒకే వరుస కింద నమోదవుతాయి, అంతే. పైగా ఒకే వరుస కాబట్టి కలిసిపోయిందనుకుని తర్వాత ఎవరూ చూడరు. ముందు కొసను పట్టి కొసకు అతికించు, తర్వాత మెర్జ్ చేయి. మెర్జ్ చేసేటప్పుడు ఏ ముక్క వివరాలు ఉంచాలని అడుగుతుంది. కంగారులో ఎంటర్ కొట్టకు. అడుగు వెడల్పు, ప్రవాహం, కాలువ పేరు అక్కడే పోతాయి. లాకులు, రెగ్యులేటరు వచ్చిన చోట కాలువ గుణం మారుతుంది. అక్కడ గీత తెగి ఉండడమే సబబు. అందంగా ఉంటుందని హెడ్డు నుంచి శివారు దాకా ఒక్క గీత చేయకు.

ఆయకట్టు హద్దు కాలువ వెంటే పోయే చోట మళ్లీ చేత్తో గీయొద్దు. ట్రేసింగ్ నొక్కి, ఉన్న గీత మీదే నడిపించు. చేత్తో గీస్తే రెంటికీ మధ్య సన్నటి పీలికలు మిగులుతాయి, ఏరడానికి నెలలు పడుతుంది.

పాత షీటును మరీ నమ్మకు, మరీ తీసిపారెయ్యకు. మైలుకు 16 అంగుళాల గ్రామపటంలో అర మిల్లీమీటరు ఇంకు గీత నేల మీద 2 మీటర్లు. 1:50,000 టోపోషీటులో అదే గీత 25 మీటర్లు. కాబట్టి ఆ షీటును నాలుగింతలు జూమ్ చేసి గీత అంచు వెంట సూక్ష్మంగా పోయినంత మాత్రాన ఖచ్చితత్వం రాదు. గీత నడిమిన పో. తిన్నగా పోయే కాలువకు రెండు కొసల్లో బిందువులు చాలు, వంపులో మాత్రం దగ్గరదగ్గరగా పెట్టు. తర్వాత బిందువులు ఎక్కువయ్యాయని సింప్లిఫై చేసేవాళ్లుంటారు. అందులో కలయిక బిందువులు కూడా పోయే ప్రమాదం ఉంది. అది చేస్తే కలయికలన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే.

ఫైలు ఇచ్చేముందు టోపాలజీ చెకర్ నడుపు. అది వేలాడే కొసలన్నీ ఎర్రగా చూపిస్తుంది. వాటన్నిటినీ అతికించేయకు. శివారున బోదె ఆగేచోట కొస వేలాడటం న్యాయమే. ఒక్కొక్కటీ చూసి, ఇది శివారు, ఇది తెగుడు అని గుర్తు పెట్టుకో. తర్వాత ఏదో ఒక శివారు ఊరి బోదె పట్టుకుని, గీతల వెంట ఎదురెక్కి విజ్జేశ్వరమో బొబ్బర్లంకో ధవళేశ్వరమో చేరగలవేమో చూడు. ప్రతి పెద్దకాలువ కింద అలా రెండు మూడు బోదెలు పట్టుకుని చూస్తే నీ పని ఏపాటిదో నీకే తెలుస్తుంది.

అనుమానం తీరని కలయికలు కొన్ని మిగులుతాయి. వాటిని తెర ముందు కూర్చుని తేల్చకు. ప్రింటు తీసుకుని లస్కర్ల దగ్గరికి వెళ్లు. ఏ తూము ఏ బోదెకు తెరుచుకుంటుందో, ఏ షట్టరు ఎత్తితే ఏ ఊరికి నీళ్లు పోతాయో వాళ్లకు కంఠతా వచ్చు. వయసులో పెద్దవాళ్లుంటారు, బాబాయ్ అని పిలిచి నెమ్మదిగా అడుగు. పటం చేతికిచ్చి చూడమంటే తికమకపడతారు, గట్టు మీద వాళ్లతో నడుస్తూ నువ్వే రాసుకో. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో వెళ్తే మరీ మంచిది. నీళ్లుండవు, గుర్రపుడెక్క ఎండిపోయి ఉంటుంది, తూము నోరు ఏ వైపుందో కనిపిస్తుంది. గొడుగు, మంచినీళ్ల సీసా మరిచిపోకు. పశ్చిమ డెల్టా షీట్లు ముందు పూర్తయితే నాకు పంపు, యనమదుర్రు దాటే చోట్లన్నీ ఇద్దరం కూర్చుని చూద్దాం.