మార్కుల మెమో, ఉట్నూరు వాయిదా

లా చదివే పిల్లలు సెలవులకు ఊరికొస్తే మనం మొదట అడిగేది పర్సంటేజీ ఎంత అని. ఫస్ట్ క్లాసంటే సంతోషిస్తాం. బంగారు పతకమంటే ఇక చెప్పనక్కర లేదు, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. మంచిదే. కానీ ఆ మార్కులు దేన్ని కొలుస్తాయి, ఎవరికి ఎంత పనికొస్తాయి అని మనం కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ.

"వకీలుకు మార్కులెందుకు? కోర్టులో ఎవరడుగుతారు?" అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. అక్కడ పాసయ్యారా లేదా అన్నదే లెక్క. వకాలతు మీద వేలిముద్ర వేసే కక్షిదారు ఎవరూ మెమో చూపించమనరు.

అయితే ఆ మాట అంటున్నదెవరో కూడా చూడాలి. తండ్రో మేనమామో సీనియర్ వకీలైతే కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఆఫీసు, పుస్తకాలు, కక్షిదారులు ముందే సిద్ధంగా ఉంటారు. ఆ పిల్లవాడు అత్తెసరు మార్కులతో గట్టెక్కినా గడిచిపోతుంది. నార్నూరు నుంచో తిర్యాణి నుంచో వెళ్లిన మన అమ్మాయిని ఆ బార్ అసోసియేషన్ హాల్లో పేరు పెట్టి పిలిచే మనిషి ఉండరు. పేరున్న సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరాలన్నా, పై చదువుకు వెళ్లాలన్నా ఆమె తరఫున మాట్లాడేది ఆ కాగితమొక్కటే. కాబట్టి ఎవరికి అండ తక్కువో వాళ్లకే మార్కులు ఎక్కువ అవసరం. మార్కులు ముఖ్యం కాదని మన పిల్లలకు చెప్పేవాళ్లు, తెలియక చెప్పినా, వాళ్ల చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితాన్నీ లాక్కుంటున్నట్టే.

ఇక ఆ కాగితంలో లేనిది చూద్దాం. ఏజెన్సీలో మన బతుకంతా ఆధారపడ్డ చట్టం 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్. 1963లో అది తెలంగాణకు వచ్చింది. 1970లో గట్టిపడి, 1/70గా మన నోళ్లలో నిలిచింది. అందులో ఒక మాట ఉంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుని చేతిలో ఉంటే, అది గిరిజనుని నుంచే వచ్చిందని ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవలసిన బరువు భూమిని పట్టుకున్నవానిదే. ఇంత బలమైన అండ మన చేతిలో ఉంది. ఆస్తి బదిలీ చట్టం పేపర్లో తొంభై తెచ్చుకున్న విద్యార్థి కూడా ఈ రెగ్యులేషన్ పేజీ తిప్పకుండానే డిగ్రీ పూర్తి చేయవచ్చు.

చట్టం తెలిసినా చాలదు. వాయిదాకు వచ్చిన అవ్వ తన చేను గురించి చెప్పేటప్పుడు సర్వే నంబరు చెప్పదు. ఇప్పచెట్టు చెబుతుంది, ఒర్రె చెబుతుంది, ఫలానా కరువు ఏడాది అంటుంది. అదీ గోండీలోనో కొలామీలోనో. ఆ మాటను ఓపికగా విని, పహాణీలో ఏ గడికి సరిపోతుందో వెతికి, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు నిలబడేలా రాయాలి. మూడు గంటల ఇంగ్లీషు పరీక్షలో దీనికి ఒక్క మార్కూ లేదు.

మార్కులు లేని కొలతలు మనకు కొత్త కాదు. రాయి సెంటర్‌లో తగవు తీర్చే సార్మెడిని ఏ మెమో చూసి కూర్చోబెట్టాం? అతని మాట మీది నమ్మకం చూసి కదా. 1943లో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు డిగ్రీలున్నవాళ్లు దొరకలేదు. కాస్త చదవను రాయను వచ్చిన గోండు యువకులనే తీసుకుని, గోండీలోనే వాచకాలు తయారుచేసి, ఊళ్లకు పంపారు. బడి నడిచింది.

అయినా ఈ ఉదాహరణ చూపి కాగితం అక్కర్లేదనుకుంటే మళ్లీ దెబ్బ తింటాం. మెరిట్ అన్న మాట మన మీదికి ఎలా వస్తుందో ఏజెన్సీ టీచర్లకు చెప్పనక్కర లేదు. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచరు ఉండటం కూడా ఒక మెరిటే అని అక్కడ మనం నమ్మించలేకపోయాం. అలాంటి వాదన గెలవాలంటే ఆ బడిలో చదివినవాళ్లు, ఆ కోర్టు భాషలో ఎవరికీ తీసిపోనివాళ్లు కావాలి. 1997లో సమత కేసులో అదే సుప్రీంకోర్టు, ఏజెన్సీ భూమిని గనుల కోసం ప్రైవేటువాళ్లకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా లేదంది. హైకోర్టులో ఓడిన కేసు అది.

పతకం వస్తే అవమానాలు ఆగుతాయని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకూడదు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన అంబేద్కర్‌కు 1917లో బరోడాలో తలదాచుకునే ఇల్లు దొరకలేదు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. మార్కులు చాలవు, పని తెలియాలన్నది సరైన మాటే. కానీ జూనియర్‌కు దొరికేది చాలాచోట్ల బస్సు చార్జీలకు సరిపోయేంతే. ఆ మూడేళ్లు పట్నంలో గది అద్దె ఎవరు కడతారు? మన ఉద్యోగుల సంఘాలు శాలువాలకూ ఫ్లెక్సీలకూ పెట్టే ఖర్చును ఇటు తిప్పితే ఒకరిద్దరైనా నిలబడతారు. బ్యాక్‌లాగులు మిగిలాయని సిగ్గుపడి ఊరికి రాకుండా తిరిగే పిల్లలుంటే టీచర్లు కబురు పెట్టి పిలిపించాలి. ఈ వేసవిలో వాళ్ల చేతికి ఊళ్లో నలుగుతున్న ఒక భూమి కేసు కాగితాలు ఇచ్చి, అవ్వను పక్కన కూర్చోబెట్టి, మొదటి నుంచి చదివించండి. సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టండి.