రెండో సంతకం

"ఒక ఒరల రెండు కత్తులు పెట్టిన్రు," అన్నాడు చిన్నాయన. ఆయన ఒకప్పటి సర్పంచ్. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్‌కూ చెక్ పవర్ ఇవ్వడం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడదు.

"కత్తులైతే ఇమడయి చిన్నాయనా. సంతకాలు కత్తులెందుకైతయి?"

"ఎందుకంటవేంది? సర్పంచ్ అప్పు తెచ్చి మోరీ కట్టిస్తడు. బిల్లు వస్తది. ఉపసర్పంచ్ 'మరి నాకేంది?' అని సంతకం ఆపుతడు. మిత్తి ఎవరు కట్టాలె?"

ఇది కొట్టిపారేసే మాట కాదు. ఎన్నో ఊళ్లలో బిల్లులు ఇలాగే ఆగాయి. అందుకే నిదానంగా అడిగాను: "ఉపసర్పంచ్‌ని ఎన్నడు పిలిచిన్రు?"

"బిల్లు వచ్చినంక."

"మోరీ ముందు ఏ వాడల పడాలె, పని ఎవరికియ్యాలె అని అనుకున్ననాడు?"

చిన్నాయన మాట్లాడలేదు.

"చెక్కునాడు పిలిస్తే వాటా అడుగుతడు. ఆలోచననాడు పిలిస్తే బరువు మోస్తడు. మనం సంతకం పంచినం గని నిర్ణయం పంచలె. రెండో సంతకం ఉంటే పక్కమనిషికి 'ఇది ఎందుకంటే' అని చెప్పక తప్పదు. గదే దాని విలువ. చెప్పకుండ చేయించుకునేది పెత్తనం, చెప్పి ఒప్పించేది నాయకత్వం."

"అందరు అంత మంచోళ్లుంటరా?"

"చెడ్డోడి ఒక్క సంతకంతోనే పనైపోతే ఇంకా భయం గద!"

"అదీ నిజమే," అన్నాడు.

మాట మహిళా సర్పంచ్‌ల మీదికి మళ్లింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి ఆడవాళ్లకు కనీసం మూడో వంతు పదవులిచ్చింది. మన దగ్గర ఇప్పుడు సగం. అయినా ఎన్నో ఊళ్లలో కుర్చీ భార్యది, మాట భర్తది. "అది తప్పే," అని చిన్నాయన వెంటనే ఒప్పుకున్నాడు.

అప్పుడే చిన్నమ్మ చాయ్ తెచ్చింది. బల్ల మీద ఆమె పేరిట పంట లోన్ ఫారం ఉంది. సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా చిన్నాయన పెన్సిల్‌తో చిన్న ఇంటు గుర్తు పెట్టి ఉంచాడు. ఆమె అలవాటుగా పెన్ను అందుకుంది. భూమి ఆమెది, అప్పూ ఆమెదే. ఎంత తెస్తున్నారో మాత్రం ఆమెకు తెలియదు.

నేనేమీ అనలేదు. చిన్నాయన ఆ గుర్తుల వంక కాసేపు చూశాడు. ఫారం మొదటి పేజీకి తిప్పి ఆమె ముందు పెట్టాడు.

"కూసో," అన్నాడు. "ఇది ఎందుకంటే..."