తలల లెక్క, నేల లెక్క

సోమశిలలో సోమేశ్వరుని సన్నిధిని నిలిచి, పెన్నకు కట్టిన ఆనకట్టను, చుట్టునున్న మెట్టపల్లెలను చూచునపుడెల్ల నొక ధర్మసందేహము నన్ను బాధించుచుండును: సర్వభూతములయందు ఆత్మ యొక్కటియే యైనచో, ప్రతి మనుష్యుని వోటునకు సమానమైన తూకమే ధర్మమా, లేక మెట్టపల్లెల దూరమును, దైన్యమును గూడ తూచవలయునా? రాజ్యాంగము 170వ అధికరణమున శాసనసభా స్థానములకు జనసంఖ్యనే ప్రమాణముగా గ్రహించెను. 2008 నాటి నియోజకవర్గ పునర్విభజనమున నెల్లూరు నగర, గ్రామీణ స్థానములుగా చీలగా, మెట్టలోని రాపూరు స్థానమే అంతరించెను. నగరమున ప్రతినిధి యిల్లు నడకదూరము. ఉదయగిరి కొండపల్లెవానికి అది యొక దినపు ప్రయాణము. ఆత్మలు సమానములే, కాని మొర వినబడు అవకాశము సమానము కాదు. అయినను తలల లెక్కను విడువుమని చెప్పజాలను. నేలకు వోటిచ్చుట భూస్వామికి వోటిచ్చుటయే యగును. ఆ అధికరణముననే ‘సాధ్యమైనంతవరకు’ అను మాట కలదు. 2002 నాటి పునర్విభజన చట్టము కూడ భౌగోళిక లక్షణములను, రాకపోకల సౌకర్యమును గమనింపుమనుచున్నది. రాబోవు పునర్విభజన సంఘమువారు ఈ మెట్టసీమకు వచ్చి, ఆ మాటలను ఇచ్చట నిలిచి చదువవలెనని నా ప్రార్థన.