ఒకే గాలికి అందని చోటు

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల మీదుగా ఇచ్ఛాపురం వరకు సముద్రం వెంట సాగే కొబ్బరి, జీడి, పనస తోటల నేలను ఉద్దానం అంటారు. ఇక్కడి యువత చదువు ముగించుకొని విశాఖపట్నం, హైదరాబాదు, బెంగళూరు నగరాలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్లడం చాలాకాలంగా మామూలు విషయమే అయినా, 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించిన తరువాత ఆ ఉద్యోగాలే మనుషులతో పాటు ఊళ్లకు వచ్చాయి. చాలామటుకు తిరిగి నగరాలకు వెళ్లిపోయాయి, కొన్ని ఇక్కడే నిలిచాయి. అలా నిలిచిన ఇళ్లలో ఒక గది, చాలాసార్లు గదిలో ఒక మూల మాత్రమే, కంప్యూటరుకు దక్కింది. ఆ మూలలో కొత్తగా కొన్న వస్తువు తక్కువ, ఉన్నదానితో సర్దుకున్నది ఎక్కువ. అయినా ఒక కుటుంబపు సమాచారం ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం నిలుస్తుంది, పోతే ఎలా తిరిగి వస్తుంది అన్న ప్రశ్నలు వేల యంత్రాలున్న డేటా సెంటర్లలో కన్నా ఇక్కడే స్పష్టంగా అర్థమవుతాయి. ఎందుకంటే ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఇక్కడ కంటికి కనిపిస్తుంది.

ఇటువంటి ఏర్పాటుకు కేంద్రం సాధారణంగా ఒక పాత లాప్‌టాప్. తెర మడత దగ్గర విరిగి, కీబోర్డులో నాలుగు మీటలు పనిచేయకపోయినా, లోపలి బోర్డు బాగున్నంతకాలం దానికి ఇంకా పని ఉంది. ఉబ్బిన బ్యాటరీని తీసివేసి, ఉచితంగా లభించే లినక్స్ వ్యవస్థను ఎక్కించి, గోడ అలమరలో ఒక అరమీద పెడితే అది ఇంటి సర్వర్ అవుతుంది. సర్వర్ అంటే మిగిలిన కంప్యూటర్లు, ఫోన్లు అడిగిన ఫైళ్లను అందిస్తూ, అవి పంపినవాటిని దాచి ఉంచే యంత్రం. దానికి రెండు మూడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు తగిలించడంతోనే మొదటి చిక్కు ఎదురవుతుంది. పాత తరం యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల కరెంటును మాత్రమే ఇవ్వగలదు. డిస్కులోని పళ్లెం ఆగి ఉన్న స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి అంతకన్నా ఎక్కువ కావాలి. కరెంటు చాలక పళ్లెం వేగం అందుకోలేనప్పుడు డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి ఆగిపోతుంది. ఆ చప్పుడు విన్నవారు డిస్కు చెడిపోయిందనుకుంటారు గాని, సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ హబ్బును మధ్యలో పెడితే చాలాసార్లు అదే డిస్కు మామూలుగా తిరుగుతుంది. లోపం దాచిన వస్తువులో ఉందా, దానికి అందవలసినది అందకపోవడంలో ఉందా అని విడదీసి చూడగలగడం ఈ పనిలో మొదటి విద్య.

కరెంటు విషయంలోనూ ఇదే తీరు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు అందుకోవడానికి పట్టే రెప్పపాటు వ్యవధి ఫ్యానుకు, బల్బుకు లెక్కలోనిది కాకపోయినా, బ్యాటరీ తీసివేసిన పాత లాప్‌టాప్ ఆ రెప్పపాటులోనే ఆరిపోతుంది. ఆ సమయానికి డిస్కుమీద ఏదైనా రాస్తూ ఉంటే ఆ ఫైలు సగంలో తెగుతుంది. అందుకని కంప్యూటరుకు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు. ఇంటర్నెట్ రౌటరు సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. అది 12 వోల్టుల మీద నడిచే పరికరం. ఇన్వర్టరు బ్యాటరీ కూడా 12 వోల్టులదే. బ్యాటరీలోని కరెంటును ఇన్వర్టరు 230 వోల్టులకు పెంచడం, రౌటరు అడాప్టరు దాన్ని మళ్లీ 12 వోల్టులకు దించడం, ఈ రెండు మార్పిళ్లలో కొంత కరెంటు వేడిగా వృథా కావడం చూసినవారు, రౌటరుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చే మినీ యూపీఎస్‌ను తగిలిస్తారు. అరచేతిలో పట్టే ఆ పెట్టె ఉంటే, ఇల్లంతా చీకటైనా ఇంటర్నెట్ గంటల తరబడి నిలుస్తుంది. వీటికి తోడు సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ రాగి కొసలను పచ్చబరుస్తాయి కాబట్టి, తీరానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో ప్లగ్గులను అప్పుడప్పుడూ ఊడదీసి తుడవవలసి వస్తుంది.

ఇంత జాగ్రత్త పడిన తరువాత కూడా ఆ మూల ఎంత సురక్షితం అన్న ప్రశ్నకు 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సమాధానం చెప్పింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులతో అది పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం రైతు ఒకే పంటను నమ్ముకున్నవాడు కాదు. కొబ్బరి పోతే జీడి, జీడి పోతే పనస ఆదుకుంటుందన్న లెక్కతో తరతరాలుగా తోటలను కలిపి పెంచాడు. తెగులు వచ్చినా, ధర పడిపోయినా ఆ లెక్క పనిచేసింది. తిత్లీ రాత్రి మాత్రం పనిచేయలేదు, ఎందుకంటే వేర్వేరు చెట్లైనా అవి నిలిచిన నేల ఒకటే, వీచిన గాలి ఒకటే; నాటిన ఆరేడేళ్లకు గాని కాపుకు రాని కొబ్బరి, దాని పక్కనున్న జీడి, పనస ఒకే రాత్రి నేలకూలాయి.

కంప్యూటరు శాస్త్రంలో దీనికి సరిగ్గా సరిపోయే పాఠం ఉంది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీకి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రెయిడ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. అనేక చిన్న డిస్కులను జతకట్టి, ఒక డిస్కు పాడైనా మిగిలినవాటి నుంచి దానిలోని సమాచారాన్ని తిరిగి కట్టగలిగేలా అమర్చడం ఇందులోని సారాంశం. ఇంటి ఏర్పాట్లలోనూ రెండు డిస్కులను ఈ విధంగా జోడించి, ఇక భయం లేదని ఊరుకునేవారు ఉన్నారు. ఆ నమ్మకం సగమే నిజం. రెండు డిస్కులూ ఒకే అరమీద, ఒకే తీగ నుంచి కరెంటు తాగుతూ, ఒకే పైకప్పు కింద ఉన్నాయి. పిడుగు పడి వోల్టేజి ఒక్కసారిగా పెరిగినా, పైకప్పు ఎగిరి వాన కురిసినా, దొంగ వచ్చినా రెండూ కలిసే పోతాయి. పొరపాటున ఒక ఫోల్డరును చెరిపివేస్తే రెండు డిస్కులమీదా ఆ క్షణమే చెరిగిపోతుంది. రెయిడ్ విడివిడిగా వచ్చే నష్టానికి మందు. ఒకే కారణంతో అన్నింటికీ కలిపి వచ్చే నష్టానికి దాని దగ్గర మందు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఒకే కారణం మరొక చోట కూడా దాగి ఉంది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, ఖర్చు తగ్గించడానికి, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే దాదాపు 24,000 కిలోమీటర్ల ఫైబరు కేబులును లాగింది. తక్కువ ఖర్చుతో పల్లెపల్లెకు ఇంటర్నెట్ చేర్చిన ఆ నిర్ణయం మెచ్చదగినదే. అయితే స్తంభం కూలినప్పుడు కరెంటూ పోతుంది, ఇంటర్నెట్టూ పోతుంది. తిత్లీ తరువాత చాలా గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటి రోజుల్లో క్లౌడ్‌లో భద్రంగా ఉన్న ఫైలు కూడా, చూడవలసినవారి వరకు, లేనిదే అవుతుంది.

ఇంతకూ ఆ డిస్కుల్లో ఉండేది ఏమిటి? ఉద్యోగానికి సంబంధించిన కోడు అక్కడ ఉండదు, ఉండకూడదు కూడా. దాన్ని కంపెనీ తన సర్వర్లలోనే ఉంచుకుంటుంది, దాని నకళ్లు తీయడానికి జీతాలిచ్చి మనుషులను పెట్టుకుంటుంది. అంటే జీతం తెచ్చే సమాచారాన్ని కాపాడడానికి పెద్ద యంత్రాంగం ఉంది. ఇంటి సమాచారానికి ఆ అలమర తప్ప దిక్కు లేదు. అందులో పెళ్లి ఫోటోలు, భూమి పత్రాల స్కానులు, మార్కుల జాబితాలతో పాటు ఉద్దానంలో మరొక దొంతర తప్పకుండా ఉంటుంది, అది రక్తపరీక్షల రిపోర్టులది. ఈ ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు ఖచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. జబ్బు గమనాన్ని తెలిపే కొలతల్లో ముఖ్యమైనది సీరం క్రియాటినిన్. అది కండరాల్లో పుట్టి, మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపే వ్యర్థ పదార్థం కాబట్టి, రక్తంలో దాని పాళ్లు పెరిగితే మూత్రపిండాల శక్తి తగ్గుతున్నట్లు లెక్క. ఒక్క రిపోర్టులోని ఒక్క అంకె చెప్పేది కొద్దే. పలాసలో ఒకసారి, టెక్కలిలో ఒకసారి, విశాఖపట్నంలో మరొకసారి చేయించిన పరీక్షలను తేదీల వారీగా వరుసలో పెడితే, ఆ అంకె ఏ ఏడాది నుంచి ఎంత వేగంగా పెరుగుతూ వచ్చిందో వైద్యునికి ఒక్క చూపులో తెలుస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మడతలు పడి, తేమకు అంటుకుపోయి, సిరా వెలిసిన కాగితాలనుంచి ఆ వరుసను కూర్చడం కష్టం. తండ్రి రిపోర్టులను కొడుకో కూతురో స్కాన్ చేసి, ఫైలు పేరులోనే తేదీ రాసి దాచినప్పుడు ఆ పాత లాప్‌టాప్ చేసే సేవ ఏ పెద్ద సంస్థ చేసే సేవకూ తీసిపోదు.

దాచినది దాచినట్టే ఉందని తెలుసుకోవడం మరొక పని. హార్డ్ డిస్కు సమాచారాన్ని అయస్కాంత గుర్తులుగా ఉంచుతుంది. ఎస్ఎస్‌డీ సూక్ష్మమైన అరల్లో బంధించిన విద్యుదావేశంగా ఉంచుతుంది, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పక్కన పెడితే ఆ ఆవేశం మెల్లగా జారిపోవచ్చు, వేడి ప్రదేశంలో ఆ జారుడు త్వరపడుతుంది. పైకి ఏ తేడా కనిపించకుండానే ఫైలు లోపల చెడవచ్చు. దీన్ని పట్టడానికి చెక్‌సమ్ అనే లెక్క ఉంది: ఫైలు మొత్తాన్ని గణితపు సూత్రంలో దూర్చి ఒక పొడవైన అంకెల ముద్రను రాబడతారు, ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర పూర్తిగా మారిపోతుంది. ఈ ప్రాంతానికి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. టెక్కలిలో దొరికిన తూర్పు గాంగుల దానశాసనాల వంటి రాగి రేకులకు రంధ్రం చేసి, కడియం దూర్చి, కడియం కొసలను రాజముద్రతో అతికించేవారు. ముద్ర పగలకుండా ఒక రేకును తీసి మరొకటి చేర్చడం సాధ్యం కాదు. అయితే రాగి రేకు మట్టిలో శతాబ్దాలు మౌనంగా ఉండి కూడా లిపి తెలిసినవారికి పలికింది. డిస్కుకు ఆ అదృష్టం లేదు. దాన్ని చదవడానికి కేబులు, కరెంటు, ఫైలు రూపాన్ని అర్థం చేసుకొనే సాఫ్ట్‌వేర్, తాళం వేసి ఉంటే పాస్‌వర్డు, ఇవన్నీ ఒకేసారి అందుబాటులో ఉండాలి. కాబట్టి డిజిటల్ సమాచారం పక్కన పెడితే నిలిచేది కాదు. కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కులోకి ఎత్తుకుంటూ పోయే మనిషి ఉన్నంతకాలమే అది ఉంటుంది.

ఫోటోగ్రాఫరు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఈ మనిషికి ఉపయోగపడే మాట: మూడు నకళ్లు ఉండాలి, అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. ఉద్దానంలో ఆ వేరే చోటు అంటే పక్క వీధి కాదు, పక్క ఊరూ కాదు. కవిటిని కొట్టిన గాలి సోంపేటను వదలదు. హైదరాబాదులో ఉన్న అన్న ఇల్లో, బెంగళూరులోని చెల్లెలి ఇల్లో అయితే సరిపోతుంది. సంక్రాంతికి వచ్చిన అన్న తిరిగి వెళ్లేటప్పుడు జీడిపప్పు పొట్లంతో పాటు ఒక డిస్కును కూడా సంచిలో పెట్టి పంపవచ్చు, పోయిన ఏడాది పంపిన డిస్కును వెనక్కి తీసుకోవచ్చు. వలస వల్ల చెదిరిన కుటుంబానికి ఆ చెదరడమే ఈ ఒక్క విషయంలో రక్ష. క్లౌడ్ కూడా ఇటువంటి వేరే చోటే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రాన్ని, భారీ డేటా సెంటరును నెలకొల్పుతామని ప్రకటించింది. అక్కడి యంత్రాలు అలమరలోని లాప్‌టాప్‌కన్నా ఎన్నో రెట్లు నమ్మకమైనవి. కాని ఆ ఖాతా తలుపు తెరవడానికి వచ్చే ఓటీపీ ఒకే మనిషి ఫోను నంబరుకు వస్తుంది, ఆ నంబరు టవరు మీద, ఆ టవరు కరెంటు మీద, ఇంకా ముఖ్యంగా ఆ మనిషి మీద ఆధారపడి ఉంది.

ఈ చివరి ఆధారమే అన్నిటికన్నా బలహీనమైనది, దాన్నే అందరూ మరిచిపోతారు. ఏర్పాటు చేసిన ఉద్యోగికి ఏ డిస్కులో ఏముందో, పాస్‌వర్డు ఏమిటో కంఠతా వచ్చు. ఇంట్లో మరెవరికీ తెలియదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మరణించినప్పుడో అశక్తత కలిగినప్పుడో తన హక్కులను వినియోగించడానికి ఒకరిని నామినీగా పెట్టుకొనే వీలు కల్పించింది గాని, అది సంస్థల చేతిలో ఉన్న డేటాకు సంబంధించినది. అలమరలోని డిస్కుకు నామినీని ఇంటివారే నియమించుకోవాలి. అందుకు కావలసినది ఒక కాగితం: ఏ పెట్టె ఏమిటి, దేని తరువాత దేన్ని ఆన్ చేయాలి, పాస్‌వర్డు ఏది అన్న మూడు సంగతులను తెలుగులో రాసి పట్టాదారు పాసు పుస్తకం ఉన్న బీరువాలోనే పెడితే చాలు.

నకలు సరిగ్గా ఉందో లేదో చూసుకొనే రోజు కూడా ఈ తీరంలో దానంతట అదే నిర్ణయమై ఉంది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. దసరా ఆయుధ పూజలో కంప్యూటరుకు బొట్టు పెట్టే ఇళ్లు ఉన్నాయి కనుక ఆ పని అప్పుడే చేసుకోవచ్చునని తోస్తుంది. కాని 2018లో నవరాత్రులు మొదలైన మరునాడే తిత్లీ వచ్చింది, అందుచేత సెప్టెంబరు చివరి ఆదివారం మేలు. ఆ రోజు హైదరాబాదులోని అన్న తన దగ్గరున్న డిస్కును తగిలించి, తండ్రి క్రియాటినిన్ రిపోర్టుల్లో ఏదో ఒక ఏడాదిది వెతికి తెరవాలి. పలాసలోని ఉద్యోగి ఫోనులో దారి చెప్పకుండా, తల్లి బీరువాలోని కాగితాన్ని చదివి వినిపించగా తెరవాలి. తెరుచుకోకపోతే కాగితాన్ని మళ్లీ రాయాలి.