తోలు కవాటం

చెడిన కవాటాన్ని కుట్టి బాగుచేస్తమన్నరు. రొమ్ము కోసినంక అది కుట్టుకు ఆగలేదట, మెటల్‌ది పెట్టిన్రు. నెత్తురు ఆగక మూడోనాడు మళ్లా తెరిచిన్రు. ఇగ బతికినన్నాళ్లు నెత్తురు పల్చబరిచే గోళీ.

పక్క మంచం పెద్దమనిషిదీ దేవరకొండ దిక్కే. మా ఇండ్లల్ల నీళ్లు ముట్టరు. వయసు మళ్లినోడని తోలు కవాటం వేసిన్రు. ఆవు గుండెమీది పొరను గ్లూటరాల్డిహైడ్‌ల ఊరేసి చేస్తరు దాన్ని. తోళ్ల కార్ఖానాలల్ల వాడే మందే అది. మా నాయిన లందల తంగేడు చెక్కతోటి చేసిందీ ఆ పనే.

అంటు తోలుకుంటే ఆయన గుండె అంటరానిదే కావాలె. కాలేదంటే, అంటు వస్తువుల లేదు, మనిషిమీద వేసిందే. ఆపద్ధర్మమంటరేమో. మనుస్మృతి 10వ అధ్యాయంల ఆకలైన విశ్వామిత్రుడు చండాలుని చేతినుంచి కుక్కతొడ తీసుకొని తినబోయిండని ఉంది. ఆయనకు పాపం అంటలేదు. కరువుల సచ్చిన గొడ్డు తిన్న మా అవ్వకు ఆ మినహాయింపు ఎందుకు రాలేదు?