కాపాడు దేవుడుండగా టీకా యెందుకు?

పై ప్రశ్న కొందరు విశ్వాసులే అడుగుదురు. హెపటైటిస్ బి అను కామెర్ల రోగము, అది యున్న తల్లినుండి కాన్పువేళ బిడ్డకు సోకగలదు. ఏండ్ల తరబడి నొప్పి తెలియనీయక కాలేయమును చెరుపగలదు. అటుపిమ్మట జూబ్లీ హిల్స్ పెద్దాసుపత్రిలో కాలేయమార్పిడికి లక్షలు కావలెను. పుట్టిన 24 గంటలలోగా వేయు టీకా సర్కారు ఆసుపత్రిలో ఉచితము. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు దీనిని స్వదేశమున తయారుచేసి, తక్కువ వెలకు అందించిరి.

దేవాలయ శిఖరమునుండి దూకుమని సాతాను ప్రేరేపింపగా, ప్రభువు తండ్రిని పరీక్షింపనొల్లలేదు (మత్తయి 4). మాటలాడలేని శిశువును అపాయమున నిలిపి దేవుని పరీక్షించుట విశ్వాసమగునా? కాపాడువాడు దేవుడే, టీకాయు ఆయన యిచ్చిన సాధనమే. తలిదండ్రులారా, మొదటి దినముననే వేయించుడి. తరువాతి మోతాదులును మానకుడి.